రెండో విద్య

కావలి రైలుగేటు పక్కన జిలానీ నెట్ సెంటరు.
గంటకి ఇరవై, నలుగురికి ఒకే కుర్చీ.
మౌసు మాలకొండయ్యది, కీబోర్డు జిలానీ తమ్ముడిది,
నాది చూసే పని.
"ఆడపిల్లవి గదా, పూజారిణిగా ఉండు,
మాకు గాయాలు మాన్పతా ఉండు" అన్నారు.
మూడు వేసవులు మాన్పినా.
కత్తి ఒక్కసారన్నా నా చేతికి రాలా.

ఇప్పుడా ఆట మళ్లీ వచ్చింది కొత్త రంగులేసుకుని.
గోడల మీద నాచు కనబడతా ఉంది,
కాగడా మంట మడుగులో వణకతా ఉంది,
ముసలి రాక్షసుడికి కూడా మొహం కడిగారు.
నియమాలు మాత్రం ఆ మొండివే.

ఒక మనిషిలో రెండు విద్యలుండాలంటే
ఒక దారి, జంటగా నేర్వడం.
కత్తీ మంత్రమూ ఒకే రోజు మొదలు,
తెచ్చుకున్న అనుభవం నిలువునా రెండు ముక్కలు.
నత్తనడక, కానీ ఏదీ మరిచిపోరు.
ఇంకో దారి ఉంది.
చేతిలో విద్యని సగంలో వదిలెయ్యాలి.
వదిలిన రోజు నుంచి ఒకటో మెట్టు మీద పసిదానివి.
పాత విద్యని ముట్టుకున్నావా, ఆ పూట సంపాదన సున్నా.
కొత్తది పాతదాన్ని ఒక్క మెట్టన్నా దాటిందాకా
అది నిద్ర లేవదు.

చీమకుర్తి క్వారీ నుంచి మాలకొండయ్య ఫోను,
వెనక రాళ్లు కోసే రంపం కీచుమంటా:
"ఆ దారి ఎవురన్నా పడతారా కామాక్షీ?
ముందు వరసలో ఇద్దరు యోధుల్ని పెట్టుకో,
వెనక మంత్రగాడు. దొంగని మర్చిపోబాక,
తాళాలెవుడు తీస్తాడు మీ నాయనా?
కష్టం 'మామూలు'లో ఉంచు. వయసైపోలా మనకి?"

అతనికి నేను చెప్పలా.
వైకుంఠపురంలో పదకొండేళ్లు జాకెట్లు కుట్టినా,
చంక మలుపు కాడ చూడకుండానే కత్తెర తిరిగేది.
తర్వాత తుమ్మలపెంట దోవలో రొయ్యల ల్యాబు.
మొదటి నెల మైక్రోస్కోపులో
నా కనురెప్ప వెంట్రుకని చూసి రోగమని రాసినా.
ఇరవై రెండేళ్ల పిల్లోడు నవ్వాడు,
"అక్కా, అది రొయ్య కాదు, నువ్వు."
ఇంటికొచ్చి మిషను మీద దుప్పటి కప్పినా.
ఎదురింటామె చీరకి ఫాలు కుట్టమంటే
మరిచిపోయానన్నా.
నిజంగానే మరిచిపోయినా.

రెండేళ్లకి ఒక తెల్లారుజామున
గుంట మొత్తం పోయేట్టుందని రైతొకాయన
బకెట్టుతో గడపలో నిలబడుండాడు.
పట్టకారుతో రొయ్య పేగు తీస్తుంటే తెగింది,
ఇంకోటి తీస్తే అదీ తెగింది.
మూడోదానికి నా బొటనవేలు తనంతట తాను
దారం లాగినట్టు పక్కకి తిరిగింది.
పేగు పొడుగునా వచ్చింది, ముడి లేకుండా.
"ఎట్ట తీశావక్కా?"
లోపల ఎవరో దర్జీ ఆవలించి
లేచి కూర్చుంది.

అందుకే ఈ రాత్రి ఒక్కదాన్నే పోతుండా నేలమాళిగలోకి,
ఆరుగురుండాల్సిన చోట.
పూజారిణినే తీసుకున్నా మళ్లీ.
ఆరో మెట్టు దాకా పెంచి, మాన్పింది చాలని
చేతికి కత్తిచ్చినా.
కష్టం గీతని కుడివైపు చివరికంటా జరిపితే
అక్కడ దాని పేరు "పిచ్చి".
ఉండనీ.

మొదటి తలుపు కాడే ఎలక చంపింది.
లోడు.
ఎలకే.
లోడు.
గేటు పడ్డట్టుంది, గూడ్సు ఒకటి
పెట్టె పెట్టెకీ కిటికీ అద్దాల్ని కదిలించుకుంటా పోయింది.
ఏడున్నరకి ల్యాబు తలుపు తియ్యాలి.
పదిహేడోసారి, రక్తం గీత ఎర్రగా సన్నబడి,
నా వేలు అలవాటుగా
గాయం మాన్పే మంత్రం మీదికి పోయింది.
బూడిద రంగులో ఉంది. నొక్కితే పలకలా.

సరేలే, పడుకో తల్లీ.
ఇంకా ఆరు మెట్లుండాయి.